వినేవాళ్ళుంటేనే కథ: తెలుగులో ఆత్మకథ నడిచిన దారి

సభలో ఉన్న పెద్దలకీ, పిల్లలకీ నమస్కారం.

నిరుడు వేసవిలో మా మేనత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. దివిసీమలో ఉంటుంది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చుని ఏదో ఒక పని చేసుకుంటూ కబుర్లు చెబుతుంది. ఆ కబుర్లు వింటూనే పెరిగాన్నేను. ఈసారి వాటిని దాచుకుందామని ఫోను తీసి ఆవిడ ముందు పెట్టి, "అత్తా, నీ కథ మొదటి నుంచి చెప్పు" అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. "కృష్ణా జిల్లా యందలి ఒక కుగ్రామమున జన్మించితిని" అంది.

అక్కడ ఆగిపోయింది. ఇంక మాట రాలేదు. "మాకేం కథలుంటాయే అమ్మాయ్, మీ మావయ్యదైతే చెప్పుకోవచ్చు" అని లేచి వెళ్ళిపోయింది.

ఐదో తరగతి చదివిన మనిషి. "జన్మించితిని" అనే మాట అంతకు ముందు ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. ఎప్పుడో చదివిన వాచకంలోంచి, డెబ్బై ఐదేళ్ళ కిందటి జ్ఞాపకంలోంచి, ఆ మాటని పైకి తీసింది. జీవితం గురించి చెప్పమంటే అది తన మాటలో చెప్పేది కాదనీ, దానికి వేరే భాష, వేరే కూర్చునే తీరు ఉంటాయనీ అనుకుంది. మర్నాడు ఆవిడకి చెప్పే, ఫోను తీసి వెనక బియ్యం డబ్బా మీద పెట్టాను. కొత్త చింతపండు చాటలో పోసుకుని ఎదురుగా కూర్చున్నాను. ఇద్దరం గింజలు తీస్తున్నాం. ఏమీ అడగలేదు. కాసేపటికి ఆవిడే మొదలుపెట్టింది. నలభై నిమిషాలు ఆపకుండా చెప్పింది.

"జన్మించితిని" నుంచి ఆ చింతపండు చాట దాకా రావడానికి మా అత్తకి ఒక రోజు పట్టింది. తెలుగు ఆత్మకథకి నూట యాభై ఏళ్ళకి పైగా పట్టింది. ఈరోజు ఆ దారి గురించే మాట్లాడతాను. నాకు అర్థమైనంతలో ఇది రాసేవాళ్ళ చరిత్ర మాత్రమే కాదు, వినేవాళ్ళ చరిత్ర కూడా.

మొదట్లోనే ఒక చిత్రం కనిపిస్తుంది. మన తెలుగువాళ్ళలో తొలి ఆత్మకథ రాసింది వెన్నెలకంటి సుబ్బారావు. 1784లో పుట్టి 1839లో పోయారు. మద్రాసులో కంపెనీవారి పెద్ద కోర్టు సదర్ అదాలతులో అనువాదకుడు, దుబాసీ, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ళ భాషలో చెప్పే మనిషి. ఆయన తన జీవితాన్ని రాసుకున్నారు, కానీ ఇంగ్లీషులో. ఆయన పోయిన ముప్ఫై నాలుగేళ్ళకి, 1873లో, కొడుకు దాన్ని అచ్చు వేయించాడు. తెలుగులోకి రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. అక్కిరాజు రమాపతిరావు గారు అనువదించాకే మనం చదివాం. తెలుగువాడు తన గురించి ఇంగ్లీషులోనే ఎందుకు చెప్పుకున్నాడు? కొలువంతా ఇంగ్లీషులో గడిచింది కాబట్టి అనుకోవచ్చు. నాకు ఇంకోటి తోస్తుంది. ఆ రోజుల్లో ఒక ఉద్యోగి జీవితం వినడానికి ఆసక్తి ఉన్న తెలుగు చెవి ఆయనకి ఎదురుగా కనపడలేదు.

అదే మద్రాసులో, అదే కాలంలో, కోర్టు దుబాసీ పనే చేసిన ఏనుగుల వీరాస్వామయ్య మాత్రం తెలుగులో రాశారు. ఆయనకి ఒక చెవి దొరికింది. 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారి పొడుగునా చూసింది చూసినట్టు రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్య పోయాక, 1838లో, ఆ స్నేహితుడే దాన్ని అచ్చు వేయించాడు. అది ఆత్మకథ కాదు, యాత్ర. కానీ ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, ఏ రేవులో ఎలా దాటారు, ఎక్కడ నీళ్ళు బాగుంటాయి, అన్నీ పక్కన కూర్చుని చెబుతున్నట్టుంటాయి. స్నేహితుడికి రాస్తున్నాడు కాబట్టి భాష బిగుసుకోలేదు. తెలుగులో స్వానుభవానికి ఒక గొంతు దొరికింది ఆ కాగితాల్లోనేనని నా నమ్మకం.

ఇక వీరేశలింగం గారి దగ్గరికి రావాలి. స్వీయ చరిత్రము అనే పుస్తకం తెలుగులో ఒక ప్రక్రియకి పునాది వేసింది. మొదటి భాగం 1911లో, రెండోది 1915లో పుస్తకాలుగా వచ్చాయి. 1848లో రాజమండ్రిలో పుట్టి, తండ్రి చిన్నప్పుడే పోతే పెదతండ్రి చేతుల్లో పెరిగి, బడిపంతులై, 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి, ఊరంతటితో తగవు పెట్టుకున్న మనిషి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేశారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చి నిలబడ్డారు. వీరేశలింగం ఈ గొడవలన్నీ వాంగ్మూలం ఇస్తున్నట్టు రాశారు. ఎవరు ఏమన్నారు, ఎవరు మాట తప్పారు, ఖర్చు ఎంతైంది, అన్నీ ఉంటాయి. ఆయన ఊహించుకున్న శ్రోత ఒక న్యాయస్థానం. రేపు ఎవరో తీర్పు చెబుతారు, వాళ్ళ ముందు లెక్క అప్పజెప్పాలి అన్న పట్టుదల ప్రతి పేజీలో కనిపిస్తుంది. కొందరికి ఇది విసుగు పుట్టిస్తుంది. నాకైతే ఆ పట్టుదల మీద గౌరవమే కలుగుతుంది. ఊరు ఊరంతా ఎదురు తిరిగినవాడు కాగితం మీద తప్ప ఇంకెక్కడ చెప్పుకుంటాడు?

కానీ ఆ పుస్తకంలో నన్ను ఎప్పుడూ ఆపేసే మనిషి రాజ్యలక్ష్మమ్మ గారు. పెళ్ళికి ముందు ఆవిడ పేరు బాపమ్మ. వెలివేసిన రోజుల్లో వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ రావడం మానేస్తే, గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చి, పెళ్ళివారికి వండి వార్చింది ఆవిడే. 1910లో పోయారు. ఆ రేవు మెట్లు ఎక్కుతూ ఆవిడ ఏమనుకుంది? దారిలో ఎవరు ఎదురయ్యారు, ఎవరు మొహం తిప్పుకున్నారు? ఆవిణ్ణి కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు. ఆవిడ గురించి మనకి మిగిలింది భర్త చెప్పిందీ, ఇతరులు చెప్పిందీ. తెలుగు ఆత్మకథ మొదలైన చోటే ఆ ఖాళీ కూడా మొదలైంది.

ఇక్కడ భాష గురించి ఒక సంగతి చెప్పాలి. తెలుగులో "నేను" అనకుండానే జీవితమంతా చెప్పెయ్యొచ్చు. "వచ్చాను, చూశాను, ఏడ్చాను" అంటే చాలు, ఎవరు ఏడ్చారో క్రియే చెబుతుంది. మా అత్త ఆ నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా "నేను" అనలేదు. తర్వాత కూర్చుని విన్నప్పుడు గమనించాను. "మేము" అంటుంది, "మనవాళ్ళం" అంటుంది. మన భాషలో మేము వేరు, మనం వేరు. మేము అంటే వింటున్నవాళ్ళు బయట ఉంటారు. మనం అంటే లోపలికి వస్తారు. ఆత్మకథ రాసినవాళ్ళు ఈ మూడు మాటల్లో దేన్ని ఎక్కడ వాడారో చూస్తూ చదివితే, వాళ్ళు ఎవరితో మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. నా విద్యార్థులకి ఇదొక్కటే పనిగా పెట్టేదాన్ని. పుస్తకం చదవండి, పక్కన మూడు గీతలు గీయండి, నేను, మేము, మనం అని.

గాంధీగారి ఆత్మకథ 1925 నుంచి 1929 దాకా గుజరాతీ నవజీవన్‌లో వారం వారం వచ్చింది. ఆత్మకథలు రాసుకోవడం పడమటివాళ్ళ అలవాటు, మీకెందుకు అని ఒక స్నేహితుడు అభ్యంతరం చెప్పాడని ఆయనే ముందుమాటలో రాశారు. వేలూరి శివరామశాస్త్రి గారి అనువాదంతో అది తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి వచ్చింది. తన తప్పుల్ని తనే చెప్పుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదని మన రాజకీయ నాయకులకి ఒక ధైర్యం వచ్చింది అప్పుడే. ప్రకాశం పంతులు గారి నా జీవిత యాత్ర చదివితే ఆ చనువు కనిపిస్తుంది. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజు, మద్రాసులో తుపాకికి ఎదురు నిలిచిన సంగతి అందరికీ తెలిసిందే. నాకు మాత్రం అంతకన్నా ఒంగోలులో వాళ్ళమ్మ గారు పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచిన భాగాలు ఇష్టం. ముఖ్యమంత్రి అయిన మనిషి తన తల్లి ఊరివాళ్ళకి డబ్బులకి అన్నం పెట్టి బతికిందని దాచకుండా చెప్పారు.

చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి స్వీయ చరిత్ర సంగతి వేరు. చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ, రేచీకటి. చివరికి చూపు పూర్తిగా పోయింది. ఆయన చెబుతుంటే ఇంకొకరు రాశారు. ఆ పుస్తకంలో మనుషులు గొంతులతో గుర్తుంటారు, మాటలతో గుర్తుంటారు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన పుస్తకానికి వచ్చాను. కాసేపు ఇక్కడ ఆగుతాను, ఏమనుకోకండి.

శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి "అనుభవాలూ జ్ఞాపకాలూనూ". మొదటి సంపుటం 1955లో వచ్చింది. ముందు ఆ పేరు చూడండి. "అనుభవాలు, జ్ఞాపకాలు" అని పెట్టొచ్చు. "అనుభవములు - జ్ఞాపకములు" అని ఇంకా గంభీరంగా పెట్టొచ్చు. ఆయన చివర్లో ఆ "నూ" చేర్చారు. జ్ఞాపకాలూనూ. ఆ "నూ" ఎక్కడా వ్యాకరణం పుస్తకంలోంచి రాలేదు. అరుగు మీంచి వచ్చింది. "పిల్లా, పిల్లాడూనూ", "అప్పడాలూ, వడియాలూనూ" అంటాం కదా, అలా. అట్ట మీదే ఆయన మనల్ని పక్కన కూర్చోమన్నారు. "జన్మించితిని" అన్న మాట ఇంక ఆ పుస్తకంలోకి ఎలా వస్తుంది?

ఆయన పుట్టింది 1891లో, తూర్పుగోదావరిలో, పొలమూరులో. వైదిక కుటుంబం. ఇంట్లో చదువంటే సంస్కృతం, వేదం, శాస్త్రం. తెలుగు చదువుకోవడం, తెలుగులో రాయడం అంటే చిన్నచూపు, చెడిపోవడం కిందే లెక్క. ఆ ఇంట్లో ఈ పిల్లవాడు తెలుగు మీద మనసు పడ్డాడు. పుస్తకమంతా ఆ ఒక్క ప్రేమ కథే అంటాను. తండ్రి మీద భక్తి ఉంది, తండ్రి మాట కాదనే ధైర్యమూ ఉంది, ఆ రెంటి మధ్యా ఏళ్ళ తరబడి నలిగాడు. మాతృభాష కోసం ఇంట్లోనే రహస్యంగా ఉండాల్సిన పరిస్థితి ఇవాళ మనకి వింతగా ఉంటుంది. కానీ మన ఇళ్ళల్లో తెలుగు పుస్తకం పట్టుకున్న పిల్లల్ని "టెస్ట్ పెట్టుకుని ఇదేంటి" అని కసురుకుంటున్నామా లేదా? అందుకే ఆ పుస్తకం నాకు పాతది అనిపించదు.

ఆయన కథల్లో ఆడవాళ్ళ సంభాషణ చదివినవాళ్ళకి తెలుసు, ఆ చెవి ఎలాంటిదో. ఆయన గొప్పగా చెప్పారు, నిజమే. అంతకన్నా గొప్పగా విన్నారు. పెళ్ళి పందిళ్ళలో, వంటిళ్ళ గుమ్మాల దగ్గర, రేవుల్లో. ఆత్మకథలో కూడా ఆయన ఒక్కడే కనిపించడు, ఒక పెద్ద గుంపు మాట్లాడుతూ ఉంటుంది.

తర్వాత వచ్చినవి చాలా ఉన్నాయి, అన్నీ చెప్పలేను. ఆదిభట్ల నారాయణదాసు గారి నా యెఱుక ఆయన పోయిన చాలా ఏళ్ళకి గానీ బయటికి రాలేదు. చలం 1972లో తన కథకి తన పేరే పెట్టి ఇచ్చారు. శ్రీశ్రీ తన అనంతం పుస్తకాన్ని ఆత్మచరిత్రాత్మక నవల అన్నారు. ఆ ఒక్క మాటతో నిజం చెబుతున్నాను అనే ప్రమాణం నుంచి తప్పుకుని ఇంకో స్వేచ్ఛ తీసుకున్నారు. తిరుమల రామచంద్ర గారి హంపీ నుంచి హరప్పా దాక మనసు బాగాలేనప్పుడు ఎక్కడ తెరిచినా చదవొచ్చు. తెలంగాణలో కాళోజీ, దాశరథి సోదరులు, రావి నారాయణరెడ్డి గారు నిజాం కాలాన్ని తమ జీవితాల్లోంచి చెప్పారు. వీళ్ళందరిలోనూ "మేము" బలంగా వినిపిస్తుంది.

ఆడవాళ్ళ సంగతికి వస్తాను. 1934లోనే ఏడిదము సత్యవతి గారి ఆత్మచరితము వచ్చింది. భానుమతి గారి నాలో నేను పాఠకులకి బాగా తెలుసు. ఆ పేరులో "నేను" ఎంత ధైర్యంగా నిలబడి ఉందో చూడండి. అయినా అసలు మలుపు 1986లో వచ్చిందని నేననుకుంటాను. స్త్రీ శక్తి సంఘటన అనే ఆడవాళ్ళ బృందం వాళ్ళు టేప్ రికార్డర్లు పట్టుకుని, తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళు చెప్పింది విని పుస్తకం చేశారు. మనకు తెలియని మన చరిత్ర. పేరులో రెండుసార్లు "మన" ఉంది. మూడేళ్ళకి, 1989లో, ఇంగ్లీషులోనూ వచ్చింది.

అందులో పాలకుర్తి చిట్యాల ఐలమ్మ గారి మాట ఉంది. భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి తన పంట తాను ఇంటికి చేర్చుకున్న మనిషి. 1985 సెప్టెంబరు 10న ఆవిడ పోయారు. పుస్తకం ఆ మరుసటి ఏడాది వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసి ఉంటే ఆ గొంతు మనకి లేదు. ఈ తేదీలు తల్చుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడగా ఉంటుంది.

ఆ పుస్తకంలోనే మాట్లాడిన ఇంకొకరు కొండపల్లి కోటేశ్వరమ్మ గారు. 1918లో పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఊహ తెలిసేలోపే వైధవ్యం. అలాంటి సంగతి ఎవరైనా ఎలా చెబుతారు? "నాకు పెళ్ళయింది" అనలేరు, "నాకు పెళ్ళయిందట" అనాలి. తన బతుకు గురించే "అట" అనాల్సి రావడం ఎంత పెద్ద విషయమో మన తెలుగు రెండక్షరాల్లో పట్టుకుంటుంది. తర్వాత చదువు, పాటలు, గాంధీగారు వస్తే ఒంటి మీది నగలు తీసి ఇవ్వడం, కొండపల్లి సీతారామయ్య గారితో మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం. ఆ తర్వాత ఆయన విడిచి వెళ్ళారు. ముప్ఫై దాటిన వయసులో హైదరాబాదు వచ్చి, ఆంధ్ర మహిళా సభలో చేరి మళ్ళీ చదువుకున్నారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా పనిచేశారు. కొడుకు పోయాడు, కూతురు పోయింది. మనవరాళ్ళని పెంచారు.

2012లో నిర్జన వారధి వచ్చేనాటికి ఆవిడకి తొంభై నాలుగేళ్ళు. ఆ పుస్తకం సన్నగా ఉంటుంది. అంత దుఃఖం ఉన్న పుస్తకంలో శాపనార్థాలు లేవు. వాక్యాలు చిన్నవి. ఏడవాల్సిన చోట ఆవిడ ఒక్క వాక్యం రాసి పక్కకి జరుగుతారు, ఏడుపు మనకి వదిలేస్తారు. పేజీలు తిరిగే కొద్దీ పార్టీ రోజుల "మేము" తగ్గుతూ వస్తుంది, "నేను" మిగులుతుంది. గర్వంగా వచ్చిన నేను కాదు, అందరూ వెళ్ళిపోయాక మిగిలిన నేను. 1986లో ఎవరో వచ్చి ఎదురుగా కూర్చుని విన్నారు. ఇరవై ఆరేళ్ళకి ఆవిడ స్వయంగా రాశారు. ఈ రెంటికీ సంబంధం లేదంటే నమ్మను. 2018లో నూరేళ్ళు నిండాక ఆవిడ వెళ్ళిపోయారు.

విని రాసే పద్ధతి అక్కడితో ఆగలేదు. దళిత నాయకురాలు టి.ఎన్. సదాలక్ష్మి గారి బతుకు కథని గోగు శ్యామల గారు 2011లో "నేనే బలాన్ని" అని తెచ్చారు. సాయుధ పోరాటంలో పనిచేసిన మల్లు స్వరాజ్యం గారు చెబుతుంటే విమల, కాత్యాయని గార్లు రాసిన "నా మాటే తుపాకీ తూటా" 2019లో వచ్చింది. అలా రాసేటప్పుడు ఒక టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. చెప్పినవాళ్ళ యాస ఉంచాలా, పత్రికల భాషలోకి మార్చాలా? చదివేవాళ్ళకి ఇబ్బంది అని మార్చేస్తుంటారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. నల్లగొండ మనిషి మాటని దిద్దితే ఆ మనిషినే దిద్దినట్టు. చిత్తూరు మాటతో రచయిత నామిని, నెల్లూరు మాటతో రచయిత ఖదీర్ బాబు తమ చిన్నతనాల్ని కథలుగా చెబితే రాష్ట్రమంతా చదివింది కదా, ఎవరికి ఇబ్బంది అయింది?

దళిత జీవితాల్లో ఇంకో పద్ధతి వచ్చింది. వై.బి. సత్యనారాయణ గారు తన కథ అనకుండా "మా నాయన బాలయ్య" అన్నారు. 2011లో ముందు ఇంగ్లీషులో వచ్చి తర్వాత తెలుగైంది. రైల్వేలో చిన్న పని చేస్తూ పిల్లల్ని చదివించిన తండ్రి కథ అది. పెద్దగా చదువుకోని తండ్రి మాటని చదువుకున్న కొడుకు రాయడం. వెన్నెలకంటి వారి కొడుకు తండ్రి రాసిన కాగితాలు అచ్చు వేయించాడు. ఇక్కడ తండ్రి దగ్గర కాగితాలే లేవు, కొడుకు జ్ఞాపకమే కాగితం.

జ్ఞాపకం నిజమేనా అని మీలో కొందరు అడుగుతారు. అడగాలి కూడా. మా అత్త అన్నిటికీ ఉప్పెనతో లెక్క కడుతుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. ఉప్పెన ముందు, ఉప్పెన తర్వాత. ఒక రోజు రికార్డింగులో పెరట్లో బావి ఉప్పెన ముందు తవ్వించామంది, ఇంకో రోజు తర్వాత అంది. మొదట్లో నేను సరిచేయబోయాను. "అది కాదత్తా" అనగానే ఆవిడ మాట ఆగిపోయింది, అరగంట దాకా మళ్ళీ రాలేదు. బావి ఎప్పుడు తవ్వారో ఊళ్ళో ఇంకెవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. ఉప్పెన తర్వాత ఆ బావి నీళ్ళు ఉప్పగా ఉంటే పసిపిల్లకి పాలు ఎలా కలిపి పట్టిందో ఇంకెవర్ని అడగను? ఆ రోజు నుంచి తేదీల అనుమానాలు వేరే కాగితం మీద రాసుకున్నాను, ఆవిడ మాటకి అడ్డుపడలేదు.

మొత్తం పదకొండు రోజులు కూర్చున్నాం. చింతపండు అయిపోయింది, మినుములు బాగుచేశాం, పాత చీరలతో బొంత కుట్టాం. నేను బయల్దేరే ముందు రోజు సాయంత్రం, విననిచ్చి వెళ్ళు అంటే, ఫోను ఆవిడ చేతికిచ్చాను. మంచం మీద కూర్చుని చెవి దగ్గర పెట్టుకుని వింది. మధ్యలో నవ్వింది. ఒకచోట కళ్ళు తుడుచుకుంది. చాలాసేపు విన్నాక ఫోను నా చేతిలో పెట్టి అంది.

"మా పెద్దక్క పేరు ఎక్కడా రాలేదే ఇందులో. పెళ్ళయిన ఏడాదికే పోయింది, దాన్ని ఎరిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. నేను చెప్పాలి. మళ్ళీ ఆన్ చెయ్యి."